మిషన్ల ప్లీడరమ్మ, నాన్నగారి ఎడమ చెవి

మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే చాలు, పైకి వస్తున్నది ఏ కేసో చెప్పెయ్యవచ్చు. ఆస్తి తగాదాల వాళ్ళు గుంపుగా ఎక్కుతారు. సగం మెట్ల దగ్గర ఆగి, అక్కడికక్కడే ఇంకోసారి తగువులాడుకుని మళ్ళీ ఎక్కుతారు. విడాకుల వాళ్ళు ఒంటరిగా, మెట్టు మెట్టుకీ ఆలోచించుకుంటూ వస్తారు. మా మేడ మీద ప్లీడరమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు ఈ రెండు రకాలూ కారు. వెనక్కి చూసుకుంటూ ఎక్కి, తలుపు తట్టకముందే "నేనేం తప్పు చెయ్యలేదండీ" అంటారు. లోపల ఎవరున్నారో కూడా చూడరు. ఒకసారి ఒకాయన గది తుడవడానికి వచ్చిన మనిషితో అదే మాట అన్నాడు. ఆమె "సరే బాబూ, తడి ఆరేదాకా అక్కడే నిలబడండి" అంది. ఆయన నిలబడ్డాడు.

వీధిలో అందరూ ఆమెను మిషన్ల ప్లీడరమ్మ అంటారు. కొట్లలో కార్డు గీకే చిన్న మిషన్ ఉంటుంది కదా, బ్యాంకు దాన్ని వెనక్కి లాక్కున్నవాళ్ళే ఆమె కక్షిదారులు. లాక్కుని ఊరుకుంటే ఫరవాలేదు, ఇంకో బ్యాంకుకు వెళ్ళవచ్చు. కానీ బ్యాంకులన్నీ కలిసి ఒక జాబితా పెట్టుకున్నాయి. ఒక బ్యాంకు ఫలానా మనిషి మంచివాడు కాదని అందులో పేరెక్కిస్తే, మిగతా బ్యాంకులు ఆ మాటను మారు మాట్లాడకుండా నమ్ముతాయి. సొంత అన్నదమ్ములు కూడా ఒకరి మాట ఒకరు అంతగా నమ్మరు. పేరెక్కిన మనిషికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పరు. కొత్త బ్యాంకుకు వెళితే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "మీకు కుదరదండీ" అంటారు. ఎందుకు కుదరదని అడిగితే, చెప్పడానికి కూడా కుదరదంటారు. పోలీసుల్లేరు, జడ్జీ లేడు, వాయిదాల్లేవు. మనిషి ఊళ్ళోనే ఉంటాడు, వెలి మాత్రం పడిపోతుంది. ఎక్కించిన బ్యాంకే దించాలి, ఇంకెవరి వల్లా కాదు. దించమని ఆ బ్యాంకును మర్యాదగా, విసుగు లేకుండా, వాళ్ళకు విసుగు పుట్టేదాకా అడగడమే ప్లీడరమ్మ పని.

ఈ పని ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. ఆమె నాన్నగారు బస్సు కండక్టరు. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేక, మధ్యాహ్నం ట్రిప్పుల్లో నాన్నగారి బస్సెక్కి వెనక సీట్లో కూర్చుని లా చదివింది. వెళ్ళేటప్పుడు ఒక పాఠం, వచ్చేటప్పుడు ఇంకోటి. రోజూ అదే బస్సులో కూరగాయలు తెచ్చుకునే ఒక ముసలామె, ఎంత బరువున్నా తన గంపను కాళ్ళ మధ్యే పెట్టుకుని, పక్క సీటు పుస్తకాలకు వదిలేసేదట. ఆమె పేరు ప్లీడరమ్మకు ఈనాటికీ తెలియదు. ప్రార్థన చేసుకునేటప్పుడు మాత్రం ఆమెను తలుచుకుంటుంది. పేరు తెలియకపోతే ఏం, పైవాడికి తెలుసు.

చదువయ్యాక ఒక పెద్ద ప్లీడరు దగ్గర చేరింది. ఒకరోజు బొమ్మల కొట్టాయన మిషన్ పోయిందని ఏడుస్తూ వచ్చాడు. పెద్ద ప్లీడరు అంతా విని, "ఇది కేసు కాదమ్మా, బతిమాలే పని. నువ్వు చూడు" అని ఈమెకు అప్పగించాడు. ఈమె బతిమాలింది. ఆ బ్యాంకు చివరికి, ఇక ఈవిడ ఉత్తరం రాకుండా ఉంటే చాలన్నట్టు, బొమ్మలాయన పేరు దించింది. ఆయన ఆ మాట పదిమందికి చెప్పాడు. అప్పటి నుంచి ఊళ్ళో బతిమాలవలసినవన్నీ ఈమె దగ్గరికే వస్తున్నాయి.

నాన్నగారి చెవి సంగతి కూడా చెప్పాలి. ఏళ్ళ తరబడి ఇంజను పక్కనే నిలబడి టిక్కెట్లు కొట్టడం వల్ల ఆయన కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి అరిస్తే పని చేస్తుంది. సొంతంగా ఆఫీసు పెట్టిన మొదట్లో కక్షిదారులు వచ్చి, ఇంటి దగ్గర బాగా నునుపు చేసుకున్న కథను ప్లీడరమ్మకు మెల్లగా, అందంగా చెప్పేవారు. ఒకరోజు నాన్నగారు గుమ్మంలోకి వచ్చి "ఏమంటాడమ్మా ఆయన?" అన్నారు. పాపం, ఆ కక్షిదారు మర్యాదస్తుడు. లేచి నిలబడి అదే కథ గట్టిగా అరిచి చెప్పాడు. సగం అరిచేసరికి కథ మారిపోయింది. ప్లీడరమ్మకు అప్పుడే అర్థమైంది, అబద్ధం మెల్లగా చెప్పినంత తేలికగా గట్టిగా చెప్పలేమని. ఆ రోజు నుంచి ఆఫీసులో అదే పద్ధతి. ఎవరొచ్చినా ముందు నీళ్ళిస్తుంది, వాళ్ళు చెప్పింది వింటుంది, ఆ తరవాత "ఇదంతా ఒకసారి మా నాన్నగారికి చెప్పండి" అని వెనక గదికి తీసుకెళ్తుంది.

ఇక కళ్ళజోళ్ళాయన.

మెత్తటి మనిషి. ఎదుటివాళ్ళ కళ్ళజోడు మసకగా కనిపిస్తే ఆయనకు చెయ్యి ఊరుకోదు. మాట్లాడుతూనే తీసుకుని తుడిచి మళ్ళీ పెడతాడు. ఆ రోజు భార్యతో మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే "మేమేం తప్పు చెయ్యలేదండీ" అని, కూర్చుని, ప్లీడరమ్మ కళ్ళజోడు తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. ఏ తప్పూ చెయ్యని ఆ మనిషి మొహం కేసి ఆమె కాసేపు మసకగానే చూసింది.

సంగతి ఏమిటంటే, ఆయన మిషన్ పోయి నెల దాటింది. మూడు బ్యాంకులు కుర్చీ వేసి కుదరదన్నాయి. ఊరి చివర పైపుల ఫ్యాక్టరీ ఉంది. పనివాళ్ళ కంటి పరీక్షకు, అద్దాలకు ఫ్యాక్టరీ ఒక కార్డు ఇస్తుంది. ఆ కార్డు మిషన్‌లో తప్ప ఎక్కడా చెల్లదు. ఈ నెలాఖరుకు మిషన్ రాకపోతే పనివాళ్ళందర్నీ బజారు అవతల ఉన్న పెద్ద అద్దాల షాపుకు పంపుతానని మేనేజరు చెప్పేశాడు.

"ఫ్యాక్టరీ పోతే మాకేం మిగల్దమ్మా," అంది ఆయన భార్య. "ఎండాకాలం నల్ల అద్దాలు, పరీక్షల ముందు పిల్లల తలనొప్పులు. వాటితో కొట్టు నడవదు. అద్దెకు కూడా ఇవ్వలేం, మెట్ల కింద గూడు లాంటిది."

"బ్యాంకు వాళ్ళు ఎందుకు తీసేశారో మీకేమైనా అనుమానం ఉందా?"

"ఏమీ లేదండీ," అన్నాడాయన. "ఏదో పొరపాటు."

భార్య కిటికీలోంచి బయటికి చూసింది. అటువైపు చూడటానికి గోడ తప్ప ఏమీ లేదు.

"సరే," అంది ప్లీడరమ్మ. "ఇదంతా ఒకసారి మా నాన్నగారికి చెప్పండి. కొంచెం గట్టిగా."

వెనక గదిలో, పాత బస్సు నుంచి తెచ్చిన పొడుగు సీటు గోడకు ఆనించి ఉంటుంది. నాన్నగారు తలుపు పక్కన విడి కుర్చీలో, వచ్చిపోయేవాళ్ళు కనపడేలా కూర్చుంటారు. ఆయన ఎవర్నైనా మొదట అడిగేది ఒకటే.

"ఎక్కడెక్కారు? ఎక్కడ దిగాలి?"

"మా కార్డు మిషన్ తీసేశారండీ!"

"ఆఁ?"

"మిషన్! బ్యాంకు వాళ్ళు తీసేశారు! తప్పు మాది కాదు!"

"ఎవరిది కాదు?"

"మాది!"

"మరి ఎవరిది?"

కళ్ళజోళ్ళాయన భార్య వైపు చూశాడు. కింద కటింగు షాపులో కత్తెర చప్పుడు ఆగిపోయింది. కటింగు షాపాయన మంచివాడు. మెట్లెక్కి వచ్చేవాళ్ళు ఆయాసపడతారని షాపులో ఫ్యాను సగం మెట్ల వైపు తిప్పి ఉంచుతాడు. ఫ్యాను తిరిగిన వైపే చెవి కూడా తిరుగుతుంది, అది మానవ సహజం.

"ఎవరిదీ కాదండీ," అన్నాడు కళ్ళజోళ్ళాయన మామూలు గొంతుతో.

"వినపడలేదు బాబూ. టిక్కెట్టు ఎవరిదో సరిగ్గా చెప్పు."

"ఇంకా ఎంతసేపు నములుతారు నీళ్ళు?" అంది భార్య. తను లేచి నాన్నగారి ఎడమ చెవి పక్కకు వెళ్ళింది. "పరుపులండీ తాతగారూ! పక్క కొట్టు పరుపులాయనవి! మా మిషన్ మీద గీకారు!"

నాన్నగారు కనుబొమలు ఎత్తారు. "కళ్ళజోళ్ళ కొట్లోనా, పరుపులు?"

"అదేగా నా ఏడుపు!"

ఆ వీధిలో ఒక అలవాటు ఉంది. నిచ్చెన ఒకరికే ఉంటుంది, అందరూ వాడతారు. చిల్లర ఒకరి దగ్గరుంటుంది, అందరూ అడుగుతారు. వాన పడితే ఎవరి పట్టా ఎవరి కొట్టు మీద ఉందో ఎవరూ చూడరు. పరుపులాయన మిషన్ చెడిపోయింది. కొత్తది ఇదిగో అదిగో అన్నారు, రాలేదు. పరుపు కొనేవాడు జేబులో అంత డబ్బు పెట్టుకుని రాడు. "బావా, ఒక్కసారి నీ మిషన్ మీద గీకు" అన్నాడు పరుపులాయన. కళ్ళజోళ్ళాయన గీకాడు. ఆ ఒక్కసారి చాలాసార్లయింది. డబ్బు తన ఖాతాలో పడగానే తీసి అతని చేతిలో పెట్టాడు. పైసా ఉంచుకోలేదు. నిచ్చెన ఇచ్చినట్టే మిషన్ ఇచ్చాడు. ఇవ్వకూడదని ఆయనకు తోచనే లేదు. నిచ్చెనకు అలాంటి నియమం లేదు మరి.

కానీ మిషన్ ఇంకొకరి అమ్మకానికి ఇవ్వకూడదని బ్యాంకు నియమం. కళ్ళజోళ్ళ కొట్లో ఉన్నట్టుండి డబుల్ బెడ్డు ధరల్లో అమ్మకాలు మొదలయ్యాయి. బ్యాంకు ముందు ఆశ్చర్యపోయింది. తరవాత ఒక కరెంటు మీటర్లు చూసే ఆయన "నేను ఏ కళ్ళజోడూ కొనలేదు" అని ఫిర్యాదు చేశాడు. అంతటితో బ్యాంకు ఆశ్చర్యపోవడం మానేసి, మోసం అని రాసి పేరెక్కించింది.

"ఇంకేం," అంది ప్లీడరమ్మ. ఆమె మొహం తేటపడింది. "ఇది చెప్పుకోదగ్గ విషయమే. జరిగింది జరిగినట్టు రాద్దాం. పరుపులాయనతో ఒక మాట రాయించి..."

"వద్దండీ."

"ఏమిటి వద్దు?"

"మా బావ పేరు రాయకండి. ఆయన పేరు బయటికొస్తే ఆయన్నీ ఆ జాబితాలో ఎక్కిస్తారు. ఇక జన్మలో మిషన్ రాదు."

"మీ చెల్లెలి భర్తా?"

"కాదండీ. పక్క కొట్టు."

"బావ కాదు, బంధువు కాదు," అంది భార్య. "పిలుపే."

"పిలుపే," అని ఒప్పుకున్నాడాయన. "నాకు ఆపరేషన్ అయి ఆసుపత్రిలో పడి ఉంటే రెండు కొట్లూ ఆయనే తెరిచాడండీ. ఇటు అటు నడుస్తూ. అద్దాల సంగతి ఏం తెలుసు ఆయనకి? ఇద్దరికి ఒకళ్ళ జోడు ఇంకొకళ్ళకు ఇచ్చేశాడు. వాళ్ళిద్దరూ మర్నాడు వచ్చి, ఒక్క మాట అనకుండా మార్చుకుని వెళ్ళారు. అంత మంచి మనిషండీ. మిషన్ రిపేరుకిచ్చానని చెప్పాను ఆయనకి. అసలు సంగతి తెలీదు."

"పేరు లేకుండా ఎలా రాయనండీ? సగం నిజం రాస్తే మిగతా సగం బ్యాంకే రాసుకుంటుంది. వాళ్ళ చేతిరాత మంచిది కాదు."

"అయితే అసలు వద్దులెండి," అని లేచాడు. లేచే ముందు ఆమె కళ్ళజోడు తిరిగి జాగ్రత్తగా పెట్టాడు. ఆయన ముందు దిగాడు. భార్య వెనక దిగింది. ఆమె ఏమీ అనలేదు. ఆ అనకపోవడం కింద మెట్టు దాకా వినపడింది.

నాన్నగారు "ఏమన్నాడు?" అన్నారు.

"దిగిపోయాడు నాన్నా!"

"స్టాపు రాకుండానే?"

సాయంత్రం మెట్ల మీద ఇంకో అడుగుల చప్పుడు. బరువుగా, ఒక్కో మెట్టునూ పలకరిస్తున్నట్టు. వెనక్కి చూసుకోవడం లేదు. తలుపు తీయగానే ఒక భారీ మనిషి, చొక్కా మీద దూది పోగులతో, "తప్పు నాదేనండీ" అన్నాడు.

ఆ ఆఫీసులో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. ప్లీడరమ్మకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. రెండుసార్లు మంచినీళ్ళిచ్చింది. పరుపులాయన రెండుసార్లూ తాగాడు.

గడ్డం గీయించుకుందామని కింద షాపులో కూర్చున్నాడట. కటింగు షాపాయన నురుగు పట్టిస్తూ, "మేడ మీద నీ పరుపుల మీద పెద్ద పంచాయితీ జరిగిందయ్యా, నీకు చెప్పడం నాకిష్టం లేదు గానీ" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. పరుపులాయన గొంతు పుట్టుకతోనే పెద్దది. అరవమని చెప్పే పని లేకపోయింది. వెనక గదిలోంచి నాన్నగారు తమంతట తామే "అవునయ్యా, నువ్వు పైసా ఎగ్గొట్టలేదు కదా?" అన్నారు. ఒక మనిషి మాట అరవకుండా వినపడటం ఆయనకు చాలా ఏళ్ళ తరవాత అదే మొదలు. ఆ తరవాత ఎంతసేపయినా ఆయన్ను వెళ్ళనివ్వలేదు.

అక్కడి నుంచి పరుపులాయన తిన్నగా కళ్ళజోళ్ళ కొట్టుకు వెళ్ళాడు.

"ఏం బావా, మిషన్ రిపేరుకిచ్చానన్నావు?"

"ఇచ్చాను."

"ఎక్కడ?"

కళ్ళజోళ్ళాయన చేతిలో గుడ్డ మడత పెట్టాడు. "బ్యాంకులో."

"అబద్ధం ఆడటం కూడా రాదు నీకు. మళ్ళీ ఊరందరి కళ్ళూ నువ్వే పరీక్ష చేస్తావు."

"నీ పేరొస్తే నీ గతీ ఇంతే బావా. ఇద్దరం మునగడం ఎందుకు?"

"నువ్వొక్కడివే మునిగి, నేను పక్కన కొట్టు తెరుచుకుని కూర్చోవాలా? పరుపులమ్మేవాణ్ణి. నాకు నిద్ర పట్టద్దూ?"

"అన్నయ్యా, అలా గడ్డి పెట్టు," అంది లోపల్నుంచి భార్య.

"నువ్వుండు చెల్లెమ్మా, నిన్నూ అనాలి. నువ్వైనా చెప్పద్దూ నాకు?"

"ఒట్టు వేయించుకున్నారు."

"ఒట్టు వేయించుకున్నాడట! మిషన్ ఇచ్చేటప్పుడు వేయించుకోవలసింది."

కళ్ళజోళ్ళాయన గల్లాపెట్టె మీది అద్దం తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. "సరే, రాయించు," అన్నాడు చివరికి, ఆ అద్దంతోనే చెబుతున్నట్టు.

ప్లీడరమ్మకు ఇప్పుడు కావలసింది ఆ పరుపులు. మోసం అంటే ఎవరో ఒకరు మోసపోయి ఉండాలి. కొన్నవాళ్ళంతా డబ్బిచ్చారు, సరుకు తెచ్చుకున్నారు, హాయిగా ఉన్నారని బ్యాంకుకు చూపించాలి. అందుకని ఆమె, పరుపులాయన కలిసి ఇల్లిల్లూ తిరిగారు. నల్లకోటు వేసుకున్న మనిషి గుమ్మంలో నిలబడి "మీ పరుపు ఒకసారి చూడవచ్చా?" అంటే జనం ముందు కంగారు పడ్డారు. తరవాత లోపలికి రమ్మన్నారు, టీ ఇచ్చారు. ఒక ఇంట్లో బాలింత పడుకుని ఉంటే, వీళ్ళు గుమ్మంలోంచే చూసి, పసిదానికి దీవెన చెప్పి వచ్చారు. ఒక పెద్దావిడ మాత్రం పరుపు ఎడమ పక్క కుంగిందని అక్కడే తగులుకుంది. పరుపులాయన సూదీ దారం తెప్పించుకుని కూర్చుని కుట్టాడు. ఆవిడ మాట రాసి ఇచ్చింది, కుట్టడం అయ్యాక.

అసలు గండం మీటర్ల ఆయన ఇల్లు. ఫిర్యాదు ఆయనది. తలుపు ఆయన భార్య తీసింది.

"పరుపు గురించి వచ్చామమ్మా," అంది ప్లీడరమ్మ.

"పరుపు బాగానే ఉంది. దాని బాకీ ఇంకా తీర్చినట్టు లేడు మా ఆయన. అందుకేనా వచ్చారు?"

"తీర్చేశారమ్మా, ఆ రోజే," అన్నాడు పరుపులాయన.

"ఎక్కడ తీర్చాడు? కార్డు గీకిన చీటీ చూశానుగా నేను. పరుపుల కొట్టు పేరు లేదు. కళ్ళజోళ్ళ కొట్టు పేరుంది. అంత ఖరీదు! ఆయన కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి, నా కళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి. ఎవరి కళ్ళకయ్యా అని అడిగాను. కొననే లేదంటాడు."

లోపల ఒక బల్ల మీద దుప్పటి మడిచి పెట్టి ఉంది. మీటర్ల ఆయన దాని పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన పడక అదేనని చూడగానే తెలిసిపోయింది.

"నేను కొనలేదు కళ్ళజోడు," అన్నాడు దీనంగా. "అదే చెప్పాను. బ్యాంకుకూ అదే చెప్పాను."

"నిజమేనండీ," అంది ప్లీడరమ్మ. "కార్డు ఎక్కడ గీకారో గుర్తుందా?"

"ఈయన కొట్లో మిషన్ లేదన్నాడు, పక్కకు తీసుకెళ్ళాడు. అదీ ఈయన కొట్టే అనుకున్నాను."

"బోర్డు చూడలేదా?"

"రోజంతా మీటర్లు చూస్తానండీ. ఇంక బోర్డులు కూడా చూడమంటే ఎలా?"

ప్లీడరమ్మ జరిగింది చెప్పింది. మీటర్ల ఆయన భార్య అంతా విని, లోపలికి వెళ్ళి, పరుపు మీద చెయ్యి వేసి చూసింది. "అయితే ఆ కళ్ళజోడు ఇదేనా?" అంది.

"ఇదేనమ్మా."

ఆమె బల్ల మీది దుప్పటి తీసి, దులిపి, లోపలికి పట్టుకెళ్ళింది. మీటర్ల ఆయన కాగితం మీద తన చేత్తోనే రాసి ఇచ్చాడు: ఈ పరుపు నేనే కొన్నాను. డబ్బిచ్చాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. పరుపు చాలా బాగుందని మా ఆవిడ చెబుతోంది. నేను ఇంకా పడుకోలేదు.

చివరి మాట తీసెయ్యమని ప్లీడరమ్మ అనలేదు. నిజం నిజమే.

ఈ లోపు నెలాఖరు వచ్చేసింది. ఫ్యాక్టరీ మేనేజరు పనివాళ్ళను పెద్ద అద్దాల షాపుకు వెళ్ళమన్నాడు. వాళ్ళు సరే సరే అంటూనే వెళ్ళలేదు. క్రేను నడిపే ఆయన జోడు విరిగితే, దానికి టేపు చుట్టుకుని వచ్చాడు. "మా కళ్ళజోళ్ళాయన మిషన్ రిపేరుకెళ్ళింది సార్. వచ్చేస్తుంది" అన్నాడట. క్రేను నడిపేవాడి కళ్ళకు టేపు ఉండటం మేనేజరుకు నచ్చలేదు. అయినా ఒక వారం చూద్దామన్నాడు. ఆయన కూడా దేవుడంటే భయమున్న మనిషే, మాట మాత్రం కరుకు.

బ్యాంకులో కార్డుల వ్యవహారాలు చూసే అధికారి, మధ్యాహ్నానికే అలిసిపోయిన మనిషి. ప్లీడరమ్మ కాగితాలు ముందు పెట్టింది. ఆయన చదివాడు.

"అంటే తప్పు ఒప్పుకుంటున్నారా మీ వాళ్ళు?"

"ఒప్పుకుంటున్నారండీ. ఇద్దరూ. పోటీ పడి."

"ఒకరి మిషన్ ఇంకొకరికి ఇవ్వకూడదండీ. రేపు ఎవడో దొంగసరుకు అమ్మి ఇలాగే గీకితే?"

"నిజమే. ఇవ్వకూడదు. ఇది తప్పే. మీరు రాసింది తప్పు అని కాదు, మోసం అని. మోసపోయింది ఎవరో ఒక్కరి పేరు చెప్పండి, లేచి వెళ్ళిపోతాను."

ఆయన కాగితాలు మళ్ళీ తిరగేశాడు. పరుపు బాగుంది. పరుపు బాగుంది. పరుపు కుట్టారు, బాగుంది. మీటర్ల ఆయన కాగితం దగ్గర ఆగాడు. మొహంలో ఏమీ కదల్లేదు గానీ, కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్నాడు.

"నా చేతిలో లేదండీ. పైవాళ్ళకు చెప్పాలి."

"చెప్పండి. కానీ ఒక్క మనవి. వాళ్ళకు చదివి వినిపించేటప్పుడు గట్టిగా చదవండి."

"ఎందుకు?"

"గట్టిగా చదివితే నిజమో కాదో చదివేవాళ్ళకే తెలిసిపోతుందండీ. మా ఆఫీసులో అదే పద్ధతి."

పైవాళ్ళకు ఆయన గట్టిగా చదివాడో లేదో మనకు తెలియదు. వారం గడిచేలోపే కబురొచ్చింది. పేరు దించేశారు. మిషన్ తిరిగి ఇస్తారు. ఇంకెప్పుడూ, ఎవరికీ, ఎంత బావ అయినా ఇవ్వనని కళ్ళజోళ్ళాయన సంతకం పెట్టాలి. బావ అన్న మాట బ్యాంకు రాయలేదు, ప్లీడరమ్మ చదివి చెప్పేటప్పుడు కలిపింది. పరుపులాయన పేరు జాబితాలోకి ఎక్కించలేదు. అయితే ఆయన్ను కొత్త మిషన్ సంగతి మాత్రం ఇప్పట్లో ఎత్తవద్దన్నారు.

"పోనిద్దూ," అన్నాడు పరుపులాయన. "పరుపు కొనేవాడు నాలుగు రోజులు ఆలోచిస్తాడు ఎటూ. ఆ ఆలోచన ఇంటికెళ్ళి డబ్బు తెచ్చుకుంటూ చేస్తాడు."

మిషన్ వచ్చిన రోజే క్రేనాయన వచ్చి టేపు విప్పుకున్నాడు. ఆయన వెనక ఫ్యాక్టరీ వాళ్ళు వరసగా వచ్చారు. కళ్ళజోళ్ళాయన భార్య మిషన్‌కు ఒక గట్టి తాడు కట్టి, రెండో కొసను గల్లాపెట్టెకు ముడి వేసింది. ముడి తను తప్ప ఎవరూ విప్పలేనిది.

కొన్నాళ్ళ తరవాత, వాన పడుతున్న సాయంత్రం, ప్లీడరమ్మ నాన్నగారికి కళ్ళజోడు వేయించడానికి ఆ కొట్టుకు తీసుకెళ్ళింది. ఫీజు సంగతి ఎత్తిన ప్రతిసారీ ఆమె మాట మారుస్తోందని కళ్ళజోళ్ళాయనకు బాధ. సొరుగులోంచి ఒక చిన్న డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు.

"వినికిడి మిషన్ అమ్మా. మంచి రకం. తాతగారి ఎడమ చెవికి సరిగ్గా సరిపోతుంది. మీరు కాదనకూడదు."

ప్లీడరమ్మ ఆ డబ్బా వైపు చూసింది, నాన్నగారి వైపు చూసింది. ఆమె నిజంగా కంగారు పడింది ఆ ఒక్కసారే.

"ఏమిటటమ్మా అది?" అన్నారు నాన్నగారు.

"వినపడే మిషన్ నాన్నా! కావాలా?"

ఆయన డబ్బా చేతిలోకి తీసుకుని, బరువు చూసి, కూతురి చేతిలో పెట్టారు. "ఇంట్లో వేసుకుంటాలే. డ్యూటీలో వద్దు."

అప్పుడే పరుపులాయన ఒక కొనుగోలుదారును వెంటబెట్టుకుని వానలో తడుస్తూ వచ్చాడు. కాళ్ళు వాటంతటవే ఈ గుమ్మం దాకా వచ్చేశాయి. ఆ మనిషి చేతిలో కార్డు ఉంది. డబుల్ బెడ్డు బేరం కుదిరిందట. గుమ్మంలోకి వచ్చాక పరుపులాయనకు గుర్తొచ్చింది. మిషన్ వైపు చూశాడు. తాడు వైపు చూశాడు. అడగకుండా నిలబడ్డాడు.

కళ్ళజోళ్ళాయన చేతులు ఏదో ఒకటి తుడవడానికి వెతుక్కున్నాయి. ఆ కొనుగోలుదారు కళ్ళజోడు వాన చినుకులతో నిండి ఉంది. అడగకుండానే తీసుకుని తుడిచాడు, తిరిగి పెట్టాడు.

"కుదరదు బావా," అన్నాడు.

మెల్లగా అన్నాడేమోనని అనుమానం వచ్చి, మళ్ళీ గట్టిగా అన్నాడు. "కుదరదు!"

"తెలుసు బావా. నాకు వినపడుతుంది," అన్నాడు పరుపులాయన.

కళ్ళజోళ్ళాయన మూలనున్న గొడుగు తీసుకున్నాడు. "రండి సార్. మలుపు తిరిగితే డబ్బు తీసే మిషన్ ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను తీసుకెళ్తాను." గొడుగు మొత్తం ఆ మనిషి మీదే పట్టి, తను తడుస్తూ వీధి దాటాడు.

ఆ లోపు కొట్టు పరుపులాయన చూసుకున్నాడు. తయారైన జోడు తీసుకెళ్ళడానికి ఒకావిడ వస్తే, నవ్వుతూ, జాగ్రత్తగా గుడ్డలో చుట్టి, ఇంకెవరిదో జోడు ఇచ్చి పంపాడు. ఆవిడ రేపు తిరిగొస్తుంది. ఒక్క మాట అనదు.